విచారణాధికారి గారికి బహిరంగ లేఖ: అజాగ్రత్తకూ కుమ్మక్కుకూ ఒకే శిక్షా?

గౌరవనీయులైన విచారణాధికారి గారికి,

నమస్కారం. బిల్లుల్లో ఆఫర్ కూపన్ల మోసం జరిగిందన్న కేసులో సస్పెండైన మా సహోద్యోగుల తరఫున ఇచ్చిన వినతులకు జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాను.

మోసం జరిగింది, కాదనను. కానీ కూపన్‌ను సరిచూడకుండా అనుమతించిన ఉద్యోగినీ, మోసగాళ్లతో చేతులు కలిపిన ఉద్యోగినీ మీ నివేదిక ఒకే గాటన కట్టింది. చూడాల్సింది చూడకపోవడం అజాగ్రత్త. కుమ్మక్కు అనాలంటే ముందే తెలిసి ఉండాలి, ఒప్పందం ఉండాలి. లాభం ఎవరికి చేరింది? కూపన్లకు వాడిన ఫోన్ నంబర్లు అవే ఒకే ఉద్యోగి షిఫ్టులో పదేపదే వచ్చాయా? బిల్లు అయ్యాక రికార్డును ఎవరైనా దిద్దారా? ఒకే లాగిన్‌ను నలుగురు వాడే చోట తెర మీద కనిపించే పేరొక్కటే సాక్ష్యం కాలేదు. రద్దీలో తనిఖీ వదిలేయమన్న సూపర్‌వైజర్‌ను ఇంతవరకు ప్రశ్నించనే లేదు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే.

సస్పెండైన వాళ్లకు జీతం ఆగింది. దొంగలన్న ముద్రతో ఇంట్లో టెన్షన్, బయట తలెత్తుకోలేని స్థితి.

లాగిన్ వివరాలు, సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచండి. నకళ్లు ఆరోపణ ఎదుర్కొంటున్నవారికి ఇవ్వండి. ఒక్కొక్కరి విషయంలో విడిగా, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా నిర్ణయం ప్రకటించండి. అంతవరకు ఎవరినీ తొలగించవద్దు.

ఇట్లు,
ఒక సహోద్యోగి