ల్యాబ్ లేని బడి పిల్లల తరఫున

గౌరవనీయులైన విద్యాశాఖ అధికారి గారికి నమస్కారం.

వరంగల్ దగ్గర ఓ సర్కారు బడిలో సైన్స్ టీచర్‌ని. ల్యాబ్ సామాన్ల కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. జవాబు రానందుకే ఈ బహిరంగ లేఖ.

తరగతిలో సముద్రపు వేడితో కరెంటు తీసే పాఠం చెప్పాను. ఉష్ణమండల సముద్రంలో పైనీళ్లు 25 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటాయి, కిలోమీటరు లోతున 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ వెచ్చదనంతో, తక్కువ వేడికే మరిగే అమ్మోనియాను ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు, లోతు నీళ్లతో దాన్ని మళ్లీ ద్రవంగా మారుస్తారు. రాత్రీపగలూ కరెంటే. ఈ పాఠానికి పిల్లల కళ్లు మెరిశాయి. చేసి చూపిద్దామంటే ఉన్న ఒక్క థర్మామీటరూ పగిలిపోయింది. తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు స్టీలు గ్లాసుల్లో వేడినీళ్లు, ఐసునీళ్లు పోసి, వేళ్లు ముంచి, "తేడా ఎంత సార్?" అనడిగింది. చెప్పలేకపోయాను. ఇలా ప్రయోగాలు లేకే ఇంటర్‌లో సైన్స్ గ్రూపంటేనే వీళ్లకు టెన్షన్.

జూన్‌లో బడి తెరిచేలోగా థర్మామీటర్లు, బీకర్లు మంజూరు చేయండి. వీలుకాకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు