రెండేసి ఉన్న సీడీలకు ఇళ్లు వెతికిపెట్టిన అందరికీ

ఒకే సీడీ ఇంట్లో రెండేసి ఉంటే రెండోదాన్ని ఏం చేయాలని మూడు నెలల కిందట కనిపించిన ప్రతివారినీ అడిగాను. అప్పుడు నా లెక్క 214 డిస్కులు. ఇవాళ పొద్దున చూసుకుంటే మిగిలినవి తొమ్మిది. ఈ మధ్యలో నేను చేసిన పని తక్కువ, నాకు జరిగిన సాయం ఎక్కువ. ఎవరెవరు ఏం చేశారో విడివిడిగా చెప్పుకుని దండం పెట్టుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని మీలో ఇద్దరు ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

‘చూసుకోకుండా కొన్నారా?’ అని చాలామంది అడిగారు. ముందు దానికి జవాబు చెబుతాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినే అలవాటు నాకు మా మేనమామ నుంచి వచ్చింది. ఆయన ఏది బాగుందంటే నేనూ అదే కొనేవాణ్ణి. ఆయన పోయాక అత్తయ్య ఆ డిస్కులన్నీ నాకే ఇచ్చేసింది. రెండు అలమరలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని ఎదురుగా అద్దం పెట్టినట్టు ఉంది. మిగతాది బాక్స్ సెట్ల పుణ్యం. ఒక కళాకారుడు ఒక కంపెనీకి చేసిన రికార్డింగులన్నీ కలిపి అట్టపెట్టెలో పెట్టి అమ్మడం మొదలయ్యాక, విడిగా నాలుగైదు డిస్కులకయ్యే డబ్బుతో పెట్టె మొత్తం వచ్చేది. అందులో సగం అప్పటికే ఇంట్లో ఉండేవి. తెలిసే కొన్నాను. ఈ విషయంలో నాకు బుద్ధి చెప్పే హక్కు మా ఆవిడకు ఒక్కదానికే ఉంది, ఆమె ఆ హక్కును బాగానే వాడుకుంది.

మొదటి దండం, గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మేడమ్ గారికి. ‘నాలుగు అట్టపెట్టెల్లో సర్దేశాను, ఎవరికివ్వాలో చెప్పండి చాలు’ అని నేనంటే, ఆవిడ రూళ్ల నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు పట్టుకుని వచ్చి కింద కూర్చున్నారు. “అట్ట చూసి రెండూ ఒకటే అనుకోవద్దు బాబూ, తెరిచి చూడు” అన్నారు. ఆ మాట విలువ అరగంటలోనే తెలిసింది.

ఎల్గర్ రాసిన చెల్లో కాన్సర్టో, అంటే పెద్ద వయొలిన్ లాంటి చెల్లోను ముందు పెట్టి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన. వాయించినది జాక్వెలిన్ దు ప్రే. నా దగ్గర ఒకటి, మామయ్య దగ్గర ఒకటి. రెండింటి మీదా ఆమె బొమ్మే. నేను మామయ్యది ఇచ్చేసే పెట్టెలో వేశాను. మేడమ్ రెండు బుక్‌లెట్లూ తెరిచి చూపించారు. నాది 1965లో బార్బిరోలీ నిర్దేశకత్వంలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో స్టూడియోలో చేసినది. మామయ్యది 1970లో బారెన్‌బోయిమ్ నిర్దేశకత్వంలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో, జనం ముందు వాయించినది. ఆ తరువాత మూడేళ్లకే జబ్బు వల్ల ఆమె చెల్లో పక్కన పెట్టాల్సివచ్చింది. ఆ రెండో డిస్కును నేను ఒక్కసారి కూడా వినకుండా ఎవరికో ఇచ్చేసేవాణ్ణి.

ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు పాతికేళ్ల లోపు ఒకసారి, యాభై దగ్గర పడ్డాక ఒకసారి పాడితే రెండూ ఒకటేనని మనం అనం కదా. పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ వాయించిన బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ సంగతీ అంతే. 1955లో ఇరవైరెండేళ్ల వయసులో వాయించినది దాదాపు 38 నిమిషాలు. 1981లో, పోవడానికి ఏడాదిన్నర ముందు వాయించినది 51 నిమిషాలు. స్వరాలు అవే, పియానో ముందు కూర్చున్న మనిషీ అతనే. మొత్తం నిడివి చూస్తే చాలు, తేడా పట్టుబడుతుంది. బేతోవెన్ తొమ్మిది సింఫనీలను ఆర్కెస్ట్రా నిర్దేశకుడు కరాయాన్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో ఒకే కంపెనీకి మూడుసార్లు, అరవైల్లో ఒకసారి, డెబ్బైల్లో ఒకసారి, ఎనభైల్లో ఒకసారి రికార్డు చేశాడు. వెనక అట్ట మీద వృత్తంలో ‘పి’ అక్షరం పక్కన ఉండే సంవత్సరం ధ్వని ముద్రణకు, ‘సి’ అక్షరం పక్కన ఉండేది అట్టకూ రాతకూ సంబంధించినదని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. పాతికేళ్లుగా కొంటున్నాను, సిగ్గుగానే ఉంది.

దీనికి తిరగబడిన రకం ఇంకోటి. అట్టలు వేరు, కంపెనీ గుర్తులు వేరు, లోపలి సంగీతం మాత్రం అదే. 2013లో ఈఎంఐ కంపెనీ వారి శాస్త్రీయ సంగీతం రికార్డింగులు వార్నర్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఫిలిప్స్ పేరుతో వచ్చినవి తరువాత డెకా గుర్తుతో వస్తున్నాయి. పైగా అట్ట మీది పేరు ఒకచోట జర్మన్‌లో, మరోచోట ఫ్రెంచ్‌లో. ‘మాత్యూ పాషన్’ నా దగ్గర రెండు భాషల్లో రెండు వరసల్లో ఉంది. రెండింటి మీదా బీడబ్ల్యూవీ 244 అన్న అంకె (బాఖ్ రచనల జాబితాలో దాని వరుస సంఖ్య) చూసి, రికార్డు చేసిన తేదీలు పోల్చి మేడమ్ పట్టుకున్నారు. అలా నా 214లో 23 అసలు డూప్లికేట్లే కావని తేలింది, నేను గమనించనివి 17 బయటపడ్డాయి. చివరికి నిలిచిన లెక్క 208.

ఆవిడకు అసలు రుణపడినది ఇంకొకందుకు. బ్రామ్స్ క్లారినెట్ క్వింటెట్ (ఐదుగురు కలిసి వాయించే రచన) రెండు కాపీలూ నిజంగా ఒకటే, సంవత్సరం, అంకె, నిడివి అన్నీ ఒకటే. నా డబ్బా కొత్తగా ఉంది, మామయ్యది మూత విరిగి రబ్బరు బ్యాండుతో ఉంది. సహజంగానే విరిగినదాన్ని ఇచ్చేసే వరసలో పెట్టాను. జాబితా రాస్తూ రాస్తూ మేడమ్ ఆగి, ఆ బుక్‌లెట్ నా చేతిలో పెట్టారు. మూడో పేజీ అంచున సన్నటి పెన్సిలుతో మామయ్య రాత: ‘రెండో భాగం, దీపం ఆర్పి వినాలి.’ ఆయన ‘ప’ ఒత్తులు ఎప్పుడూ కొంచెం పక్కకు వాలి ఉంటాయి, అలాగే ఉంది. నా కొత్త డబ్బా ఇచ్చేసి, విరిగినది ఉంచుకున్నాను. ఆ రాత్రి ఆయన చెప్పినట్టే విన్నాను. ఆ తరువాత ఇచ్చే ప్రతి డిస్కు బుక్‌లెట్టూ ఇద్దరం పేజీ పేజీ తిప్పి చూశాం. ఇంకో ఐదు దొరికాయి. వాటిలో ఏముందో నా దగ్గరే ఉంచుకుంటాను.

రెండో దండం సంగీతం మాస్టారికి. అందరూ ‘డూప్లికేట్లా?’ అని మొహం చిట్లిస్తే, “నాకు డూప్లికేట్లే కావాలి” అన్న మనిషి ఆయన ఒక్కరే. ఒకటి క్లాసులో వినిపించడానికి, రెండోది పిల్లలు ఇంటికి పట్టుకెళ్లడానికి. ఇంటికి వెళ్లిన డిస్కు తిరిగి రాకపోయినా గుండె ఆగదని ఆయన లెక్క. ఒకే సొనాటాను ముగ్గురు వాయించిన డిస్కులు తీసుకుని, ఎవరిదో చెప్పకుండా వరసగా వినిపించి పిల్లల చేత రాయిస్తారట. 46 డిస్కులు ఆటోలో వేసుకుని వెళ్లారు.

పాత రికార్డుల దుకాణం నడిపే ఆయనకు కృతజ్ఞత చెప్పడానికి కారణం కొంచెం వేరు. ఆయన మొహమాటం లేకుండా నిజం చెప్పారు. “అందరి ఇళ్లలో ఉన్నదే మీరూ తెచ్చారు, ఎవరు కొంటారు?” అన్నారు. పేరున్న సంగీతం, పేరున్న కంపెనీ, లక్షల్లో అచ్చయిన డిస్కు అయితే రెండో చేతికి విలువ ఉండదట. చిన్న కంపెనీలు కొద్దిగా అచ్చువేసి ఆపేసినవి, సెట్టు చెదరకుండా ఉన్నవి అడిగేవారు ఉంటారట. 38 ఏరుకున్నారు, మిగతావి ముట్టుకోలేదు. ఆయన ఏరుతూ ఒక పాత ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) సెట్టు నా వైపు తోసి, “దీని పుస్తకం మీ కొత్త పెట్టెలో ఉందా?” అని అడిగారు. లేదు. పాత సెట్టులో పాడే మాటలన్నీ మూలంతోనూ ఇంగ్లీషు అనువాదంతోనూ రెండు వందల పైచిలుకు పేజీల పుస్తకంగా ఉన్నాయి. తరువాత కొన్న చవక పెట్టెలో ఆ పుస్తకం ఊసే లేదు, డిస్కులు కాగితపు కవర్లలో, పేర్ల పట్టిక ఒక్కటే. మాటలు తెలియకుండా నాలుగు గంటల ఒపెరా వినడం ఎంత కష్టమో విన్నవారికి తెలుసు. తన బేరం పోతుందని తెలిసీ ఆ మాట చెప్పారు చూడండి, అందుకు ఆయనకు దండం.

వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా పనిచేసే చెల్లెమ్మ ఫోనులోనే నా ఉత్సాహం మీద చన్నీళ్లు చల్లింది. “సీడీలు ఉన్నాయన్నా, వాటిని వాయించే మిషను పాడైపోయింది” అంది. మామయ్యది, నాది కలిసి ప్లేయర్లూ రెండయ్యాయి కదా, ఒకటి తీసుకెళ్లి బిగించి వచ్చాను. వాళ్లకు సింఫనీలు వద్దు. ఒక్కసారిగా గట్టిగా మోగి మళ్లీ వినపడనంత మెల్లగా మారే సంగీతంతో పెద్దవాళ్లు ఉలిక్కిపడుతున్నారట. పియానో, వీణలాంటి హార్ప్, చిన్న బృందాలు వాయించేవి ఏరి 30 ఇచ్చాను. ఏవి నప్పుతాయో ఒక్కొక్కటీ విని వేరు చేసిన పని ఆమెదే, డ్యూటీ అయ్యాక కూర్చుని.

గ్రంథాలయాల వాళ్లు చాలావరకు వద్దన్నారు. వారి తప్పు లేదు. స్థలం లేదు, సీడీలు అడిగేవారూ తగ్గారు. ఫోను చేసి, జాబితా పంపి, వాళ్లు అడిగితేనే తీసుకెళ్లాలని, చీకటి పడ్డాక గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయే దాతలే సిబ్బందికి పెద్ద తలనొప్పి అని మేడమ్ ముందే హెచ్చరించారు.

దూరంగా ఉన్నవారికి పంపే భారమంతా పక్కింటి కుర్రవాడు ఎత్తుకున్నాడు. ప్లాస్టిక్ డబ్బాలతో పంపితే సగం దారిలోనే పగులుతాయని, బరువంతా డబ్బాలదేనని వాడే కనిపెట్టాడు. వంటింట్లో తూకం పెట్టి చూశాం. డిస్కు ఒక్కటీ పదహారు గ్రాములు, ఖాళీ డబ్బా దానికి నాలుగు రెట్ల పైన. డిస్కు, బుక్‌లెట్, వెనక అట్ట మూడూ పలచటి కవరులో పెట్టి పంపితే అవతలివారు తమ దగ్గరున్న డబ్బాలో అమర్చుకుంటారు. 64 డిస్కులు అలా వెళ్లాయి, ఒక్కటీ పగలలేదు. మిగిలిన మంచి డబ్బాలతో నా అలమరలో విరిగినవన్నీ మార్చేశాడు, బ్రామ్స్‌ది తప్ప. దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. ‘ఇచ్చేముందు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామా?’ అని నేనడిగితే, డిస్కు ఇచ్చేసి కాపీ ఉంచుకోవడం చాలా దేశాల చట్టాలు ఒప్పుకోవని వాడే నన్ను మందలించాడు. ఎటూ ఒక కాపీ నా అలమరలోనే ఉంటుంది కదా అనుకుని ఊరుకున్నాను.

ఇక 21 డిస్కులు ఎవరికీ ఇవ్వలేనివి. ఇవ్వలేనివని కూడా చెప్పించుకోవలసి వచ్చింది. సీడీలో మెరిసే లోహపు పొర పేరున్న వైపే, రంగు కింద సన్నటి వార్నిష్ మాటున ఉంటుంది. ఇన్నాళ్లూ నేను కింది వైపు గీతలు పడకుండా అపురూపంగా చూసుకుని, పై వైపు పెన్నుతో అంకెలు రాశాను. కింది వైపు ఒక మిల్లీమీటరు పైన మందం ప్లాస్టిక్ ఉంటుంది, పై వైపు రక్షణ దాదాపు లేనట్టే. దుకాణం ఆయన ఒక్కో డిస్కునూ బల్బుకు అడ్డంగా పట్టి చూపించారు. కొన్నింటిలో సూదిమొనలంత వెలుతురు చుక్కలు. కొన్ని అంచు నుంచి లోపలికి రాగిరంగు తిరిగాయి. ఇంగ్లండులోని ఒక కర్మాగారంలో 1988, 1993 మధ్య తయారైన చాలా డిస్కులకు ఈ జబ్బు ఉంది. వాటి వార్నిష్, అట్ట కాగితంలోని గంధకాన్ని ఆపలేకపోయింది. ప్లేయరు సీడీని లోపలి నుంచి బయటికి చదువుకుంటూ వస్తుంది కాబట్టి ముందు పాడయ్యేది చివరి భాగమే. నా డిస్కుల్లో మొదటి మూడు భాగాలూ హాయిగా మోగి, నాలుగోది నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడేది. ప్లేయరు పాతదైపోయిందని అనుకునేవాణ్ణి. పాత రెండు డిస్కుల లావు డబ్బాల్లో పెట్టే స్పాంజి ముక్క కరిగి డిస్కుకు అంటుకుపోయినవి ఆ 21లోనే నాలుగు. మీ దగ్గర అలాంటి డబ్బాలుంటే ఇవాళే తెరిచి స్పాంజి తీసేయండి. పాడైనవాటిని ప్లాస్టిక్ రకం ప్రకారం విడదీసి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట అప్పగించాం. డిస్కుది, డబ్బాది ఒకే ప్లాస్టిక్ కాదు కాబట్టి కలిపి పడేయకూడదట.

మిగిలిన తొమ్మిదిలో ఐదు వివాల్డీ ‘ఫోర్ సీజన్స్’. ఒకే రికార్డింగు, ఐదు వేర్వేరు అట్టలు. మాస్టారు వద్దన్నారు, దుకాణం ఆయన నవ్వారు, ఆశ్రమంలో ఇప్పటికే ఉందట. నిన్న సాయంత్రం మేడమ్ నోటుబుక్కు తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు, కనీసం మీరైనా ఒకటి గుర్తుగా ఉంచుకోండి అని చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, వెనక అట్ట మీది సంవత్సరం చదివి, నాకే తిరిగి ఇచ్చేశారు. “ఇది నా దగ్గర ఉంది బాబూ. రెండు.”