అటక మీద పుస్తకాల సంగతి

లండన్

అక్కయ్యకు నమస్కారాలు.

బావగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని విన్నాను, సంతోషం. మేమంతా క్షేమం. ఇంటికి సున్నాలు వేయించే ముందు అటక ఖాళీ చేయాలి, పుస్తకాలు ఏం చేయమంటావని మొన్న ఫోనులో అడిగావు. ఒక్క ముక్కలో తేలేది కాదని ఉత్తరం మొదలుపెట్టాను.

నా ఎంసెట్ మెటీరియల్, గైడ్లు తూకానికి వేసెయ్యి. వాటి మీద నాకు మమకారం లేకపోగా కాస్త కోపం కూడా ఉంది. ఇంటర్లో చేరాక నా చేతిలో కథల పుస్తకం కనిపిస్తే నాన్నగారు ఏమీ అనేవారు కాదు, గోడ గడియారం వంక చూసేవారు. అంతే, మూసేసేవాణ్ణి. ముఖ్యమైన వాక్యం కింద గీత గీయడం, మిగతాది వదిలేయడం అప్పుడు అలవాటైంది. ఉద్యోగంలో అది ఇంకా ముదిరింది. లావుపాటి నివేదికలో మొదటి పేజీ, చివరి పేజీ చూసి మీటింగులో గంటసేపు మాట్లాడగలను. దానికి జీతం కూడా ఇస్తారు! నవలలు కూడా అలాగే తిరగేసేవాణ్ణి. వారం తర్వాత కథానాయిక పేరు అడిగితే చెప్పలేను.

అమ్మ బైండు చేయించిన సీరియళ్లను మాత్రం ఎవరికీ ఇవ్వకు. వారపత్రిక రాగానే మొదటి వంతు నీది. కథ ముందే చెప్పేస్తానని బెదిరించి నా చేత బావిలో నీళ్లు తోడించేదానివి, మర్చిపోయావేమో. వారమంతా ఇంట్లో ఆ కథ మీదే తర్జనభర్జనలు. ఏడాది చివర అమ్మ ఆ పేజీలు విడదీసి కుట్టించేది. కథ పేజీకి వెనకవైపు సగం వారఫలాలు, సగం గోంగూర పచ్చడి, మొదలు లేని ఒక జోకు. ఆ జోకు మొదలు ఏమై ఉంటుందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

వాటిలో నీలం అట్ట పుస్తకం ఉంది చూడు, దాని నడుమ ఒక రూళ్ల కాగితం ఉంటుంది. బస్సుల సమ్మె వల్ల ఒక వారం పత్రిక మన ఊరు చేరలేదు. ఒంగోలులో చదివి వచ్చిన పక్కింటి పిన్నిగారి చేత చెప్పించుకుని అమ్మ ఆ వారం కథ తన చేత్తో రాసి పెట్టింది. "డాక్టరు ఉత్తరం రాశాడు. ఆ పిల్ల చదవకుండా చింపేసింది. నన్నడిగితే ఆ పిల్లదే తప్పు." అసలు రచయిత అలా రాసి ఉండడని చిన్నప్పుడు ఆ కాగితం దాటేసి ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ పుస్తకంలో నాకు కావలసింది ఆ ఒక్క కాగితమే.

ఈ మధ్య సెలవు పెట్టి ఇక్కడి బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లాను. 1867 చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన పుస్తకాల ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాల్సి వచ్చేది. వాటిలో ఎంచినవి లండన్ చేరేవి. అలా తెలుగువి కూడా చాలా వచ్చాయి. రీడింగ్ రూములోకి పెన్ను తీసుకుపోనివ్వరు, పెన్సిలు మాత్రమే. వస్తువులు కనబడే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. పుస్తకం ఇంటికివ్వరు, గీతలు గీయకూడదు. అరసున్నలు, బండి ఱలు ఉన్న పాత అచ్చు, నాకేమో చత్వారం. పూటంతా కూర్చుంటే ఒక్క అధ్యాయం అయింది. ఇన్నేళ్లలో అంత తృప్తిగా చదివింది లేదు.

మన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం గుర్తొచ్చింది. 1918లో మొదలైందని, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారని నాన్నగారు చెబుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వస్తుంటే, ఈ చిరిగిన కాగితాల్లో ఏముందని నవ్వుకునేవాణ్ణి. అప్పట్లో నాకు అది కొత్త నవలలు దొరికే చోటు, అంతే.

చిన్నదానికి ఇక్కడి లైబ్రరీ వాళ్లు వేసవి సెలవుల్లో ఆరు పుస్తకాలు చదవమంటారు, చదివినందుకు స్టిక్కర్లు ఇస్తారు. అది పరుగు పందెంలా చదువుతోంది. నేను గడియారం వంక చూడను, అక్కయ్యా. దాని చదువు దాని ఇష్టం.

మిగతా పుస్తకాల్లో పనికొచ్చేవి ఏమైనా ఉంటే తీసుకుంటారేమో నికేతనంలో అడుగు. సీరియళ్ల మధ్య ఎండిన వేపాకు వేసి, పాత చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టు. నీలం అట్టది మాత్రం డిసెంబరులో వచ్చే మీ మరిది కొడుకు చేతికివ్వు. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టి సరిపెట్టకు, పుస్తకమే కావాలి. సామాను బరువెక్కువైతే ఆ డబ్బు నేనే ఇస్తానని అతనికి చెప్పు.

ఆ డాక్టరు చివరికి ఎవరిని పెళ్లి చేసుకున్నాడో నాకు గుర్తు లేదు. నీకు గుర్తుంటే మాత్రం దయచేసి చెప్పకు, ఇక్కడ బావి కూడా లేదు.

నీ తమ్ముడు