మన వాడకట్టు యువజన సంఘం: 2023–24 వార్షిక నివేదిక

సంఘ సభ్యులకు, వాడకట్టు పెద్దలకు నమస్కారం.

నిరుడు ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మనం చేసిన పనుల నివేదిక ఇది. ఎప్పటిలాగైతే వినాయక చవితి, బతుకమ్మ, క్రికెట్ పోటీలు, జెండా పండుగ అని వరుసగా చదివి, చివర లెక్కలు చెప్పి, చాయ్ తాగి ఇళ్లకు పోయేవాళ్లం. ఈసారి అట్లా కుదరదు. ఏడాది పనంతా జూలై చివరి వారం వచ్చిన వరద నుంచే పుట్టింది. కాబట్టి నివేదికలో పెద్ద భాగం దానికే పోయింది. క్రికెట్ జట్టు వాళ్లు ఏమనుకోవద్దు, మీరు సెమీఫైనల్ దాకా పోయిన సంగతి అందరికీ తెలుసు.

ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు. సాయం చేసిన వాళ్లవీ లేవు, తీసుకున్న వాళ్లవీ లేవు. ఇది కమిటీ తీర్మానం. ఎందుకో కింద చెప్తాను.

జూలై 27

26 రాత్రి పట్టిన వాన తెల్లారినా తెరిపి ఇవ్వలేదు. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడిందని తర్వాత పేపర్లో చదివాం. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగి, జనం ఇళ్ల కప్పులెక్కి కూర్చోవడం టీవీలో చూశాం. ఆ వార్తలు మన దాకా వచ్చేసరికే మన గల్లీలో మోకాలి లోతు నీళ్లు. బొందివాగు మన ఇళ్ల వెనక నుంచే పోయి వరంగల్ భద్రకాళి చెరువులో కలుస్తుంది. చెరువు నిండుకుండలా ఉంటే వాగు నీళ్లకు పోయే దిక్కుండదు, వెనక్కి తంతాయి. హంటర్ రోడ్డు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టులో ఒకసారి చూశాం. చూసి కూడా తాళ్లు, టార్చిలైట్లు ఒకచోట పెట్టుకోలేదు, అది మన తెలివి.

నాలుగింటికి మొదటి ఫోన్ వచ్చింది. తర్వాత వరుసగా మోగుతూనే ఉన్నాయి. మోగిన ఇంటికల్లా ఉరికాం. ఫ్రిజ్‌లు మంచాల మీదికెక్కించాం, బండ్లు మిట్ట మీదికి తోశాం, లైన్‌మన్‌కు చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ బంద్ చేయించాం. బాగానే చేస్తున్నామనుకున్నాం. అసలు తప్పు అక్కడే జరిగింది. ఫోన్ చేసిన వాళ్లంటే ఎవరు? మేడ ఉన్నవాళ్లు, చార్జింగ్ ఉన్నవాళ్లు, మన నంబర్లు ఉన్నవాళ్లు. వాగు ఒడ్డున రేకుల ఇళ్లల్లో కిరాయికి ఉండే వాళ్ల నుంచి ఒక్క ఫోనూ రాలేదు. రాలేదు కాబట్టి అక్కడ అంతా మంచిగనే ఉందనుకున్నాం. ఏడు దాటాక మనోళ్లిద్దరు అటు పోయి చూస్తే నడుము లోతు నీళ్లు. పిల్లలు వంటగట్టు మీద నిలబడి ఉన్నారు.

టెంట్ హౌస్ తాడు ఒకటి, లారీ ట్యూబు ఒకటి, ఇవే మన సరంజామా. తాడు ఈ కొసన కరెంటు స్తంభానికి కాకుండా వేపచెట్టుకు కట్టాలని ఎవరో పెద్దాయన అరిచి చెప్పాడు, ఆ మాట మంచిదైంది. ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్లు. ఒక ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దమ్మ మాత్రం గడప దాటలేదు. కుట్టు మిషన్‌ను మంచం మీద పెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ‘నేనేడికి రాను బిడ్డా. ఇది పోతే నేనేం తిని బతకాలె?’ అంటుంది. అన్నం పెడతాం, చుట్టాలింటికి పంపుతాం, ఎన్ని చెప్పినా వినదు. ఆఖరికి మనవాడొకడు ‘సరే పెద్దమ్మా, ముందు దీన్నే తీస్కపోదాం’ అని మిషన్ పైభాగం స్టాండ్ నుంచి విప్పి భుజానికెత్తుకున్నాడు. మిషన్ కదిలాక మనిషి కదిలింది. ట్యూబులో కూర్చుని కూడా ఆమె చూపు వాడి భుజం మీదే. స్టాండు నీళ్లలోనే ఉండిపోయింది, మూడో రోజు బురదలో దొరికింది.

29న భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడిందన్న వార్తతో మళ్లీ గుండె జారింది. మన కుర్రాళ్లు కొందరు ఇసుక బస్తాలు మోస్తామని బయల్దేరారు. పోలీసులు కట్ట దగ్గరికి రానివ్వలేదు. వెనక్కొచ్చి కోపంగా ఉన్నారు గానీ, రానివ్వకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. ఆ కోపమంతా అన్నం పొట్లాలు కట్టడంలో చూపించారు.

బురద, కాగితాలు, బియ్యం

నీళ్లు ఒక్క రోజులో పోయాయి. బురద వారం ఉంది. పారలతో ఎత్తి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, బావులు తోడించి, రెండు పాములను పట్టేవాళ్లకు అప్పగించి, ఇదంతా మీరూ చేశారు, మళ్లీ చెప్పను. ఎవరూ అనుకోని పని ఒకటి మీద పడింది. తడిసిన కాగితాలు. పదో తరగతి మెమోలు, కుల సర్టిఫికెట్లు, పట్టాదారు పాసు పుస్తకాలు, పెళ్లి ఫొటోలు కవర్లలో చుట్టి తెచ్చి కమ్యూనిటీ హాల్లో పెట్టారు. డిగ్రీ చదివే మన చెల్లెళ్లు నలుగురు ఆ పని నెత్తిన వేసుకున్నారు. ఎండలో పెడితే కాగితం ముడుచుకుపోతుందని, పాత పేపర్ల మధ్య పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టారు. గంటకోసారి పేపర్ మార్చాలి. అంటుకుపోయిన ఫొటోలను మంచినీళ్ల బేసిన్‌లో నానబెట్టి, అంచు పట్టుకుని మెల్లగా విడదీశారు. లామినేషన్ చేయించిన కాగితాలే ఎక్కువ పాడయ్యాయి. అంచు నుంచి లోపలికి పోయిన నీళ్లు బయటికి రాలేక సిరా అంతా పారింది. భద్రంగా ఉంటుందని డబ్బులిచ్చి చేయించుకున్న వాళ్ల ముఖాలు చూడలేకపోయాం.

నష్టం రాసుకోవడానికి సర్వేకు వచ్చినవాళ్లు చాలా చోట్ల ఇంటి ఓనరు పేరే రాసుకుని పోయారు. మునిగింది కిరాయిదారు గిన్నెలు, బట్టలు, బియ్యం. ఓనరు ఉండేది వేరే చోట. ఈ సంగతి మీద మనం ఒక ఆఫీసు చుట్టూ నెలన్నర తిరిగాం. కొన్ని పేర్లు ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు. ఎక్కని వాళ్లకు మనం చేయగలిగింది కొంచెమే, అది వాళ్లకూ తెలుసు.

ఇక పేర్ల సంగతి. ఆగస్టులో బియ్యం, పప్పు, నూనె సంచులు పంచాం. దాతలకు చూపించాలని మన కుర్రాడు ఒకతను సంచి అందుకుంటున్న ఒకావిడ ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. చెడ్డ ఉద్దేశం లేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చి, ముడి కూడా విప్పని సంచిని సంఘం మెట్ల మీద పెట్టింది. ‘ఇంట్ల బియ్యం తడిసినయని తీస్కున్న బిడ్డా, లేక కాదు. మా వియ్యపురాలు ఫోన్ చేసి అడిగింది’ అంది. ఇంకేం అనలేదు. ఆ కుర్రాడు సాయంత్రం పోయి కాళ్లు మొక్కినా ఆవిడ సంచి తీసుకోలేదు. అప్పటి నుంచి సాయం చేసేటప్పుడు ఫొటో లేదు, పేరు లేదు, బ్యానర్ లేదు. ఫొటో లేకుంటే చందా లేదన్న దాతలు ఇద్దరు తగ్గారు. తగ్గనీ.

పంపిణీలో ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి గల్లీలో కొన్ని ఇళ్లకు రెండేసి సంచులు పోయాయి, చివరి గల్లీకి వచ్చేసరికి అయిపోయాయి. ఇదీ ఫోన్ల కథే. ఎదురొచ్చి అడిగిన వాళ్లకు ఇచ్చాం.

వాడకట్టు పుస్తకం

ఈ రెండు దెబ్బలకు పుట్టిందే మన వాడకట్టు పుస్తకం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. సెప్టెంబర్ ఆదివారాల్లో ఇద్దరిద్దరుగా ఇంటింటికీ పోయి రాశాం. ఒంటరిగా ఎవరుంటారు, మెట్లు ఎక్కలేనిదెవరు, డయాలసిస్‌కు పోయేదెవరు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునేదెవరు, బిడ్డలు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటే వాళ్ల నంబరు ఏంటి, కిరాయిదారా సొంతిల్లా, ఫోన్ లేని ఇల్లు ఏది. ఫోన్ లేని ఇళ్ల పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాం. వాన పడితే మొదట తట్టేది ఆ తలుపులే. గ్రూపులో పెట్టమని చాలామంది అడిగారు. పెట్టం. ఒంటరి ముసలావిడ ఏ ఇంట్లో ఉందో ఊరందరికీ చెప్పడం దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. పుస్తకం రెండు కాపీలు, ఇద్దరి దగ్గర ఉంటుంది.

అదే పుస్తకం వెనక పేజీల్లో రక్తదాతల పట్టిక. వాన తగ్గాక డెంగీ మొదలైంది, ఎంజీఎం సర్కారు ఆసుపత్రి నుంచి ఫోన్లు పెరిగాయి. మన పాత జాబితాలో సగం నంబర్లు మారిపోయాయి, కొందరు పెళ్లిళ్లయి వేరే ఊళ్లకు పోయారు. కొత్త జాబితాలో చివరిసారి ఎప్పుడిచ్చారో తేదీ కూడా రాశాం. ఎందుకంటే మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు నిండాలి. మనలో ఒకతను రెండు నెలలకే ‘మూడు దాటినయి’ అని అబద్ధమాడి పోబోతే ఆ తేదీ చూసే ఆపాం. ఉత్సాహం మంచిదే గానీ పడిపోతే మోసుకొచ్చేది మనమే.

డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. దాంతో మన సంఘానికి ఒక మేలు జరిగింది. ఆసుపత్రిలో తోడు ఎవరూ లేని రోగుల దగ్గర వంతులవారీగా కూర్చోవడానికి ఇప్పుడు ఆడ సభ్యులే ఎక్కువమంది వస్తున్నారు. ఇంతకుముందు ఆటో డబ్బులు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే ఆ పని ఆగేది.

ఓట్లు, ఫారాలు

నవంబర్ 30 ఎన్నికల ముందు సంఘానికి క్రికెట్ కిట్లు, సౌండ్ బాక్సులు ఇస్తామని వచ్చినవాళ్లు ఒకరు కాదు. తీసుకుందామన్నవాళ్లూ మనలో ఉన్నారు, గొడవ రాత్రి పదకొండు దాకా నడిచింది. చివరికి ఎవరివీ వద్దనుకున్నాం. పోలింగ్ రోజు నడవలేని వాళ్లను ఏ జెండా లేని ఆటోలో తీసుకుపోయి తీసుకొచ్చాం.

డిసెంబర్ 28 నుంచి జనవరి 6 దాకా సర్కారు పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు. ఫారం ఉచితమే, అయినా జిరాక్స్ కాపీలు పైసలకు అమ్ముతున్నారని తెలిసి హాల్లో టేబుల్ వేసుకుని కూర్చున్నాం. మహాలక్ష్మి, రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, గృహజ్యోతి, చేయూత అన్నీ ఒక్క ఫారంలోనే. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు జత చేయాలి. కార్డు లేనివాళ్లకు ఏం చెప్పాలో మాకూ తెలియలేదు, ఉన్నది ఉన్నట్టు రాసి ఇవ్వమన్నాం. ఇంటర్ చదివే అమ్మాయిల చేతిరాత ముందు మా రాతలు సిగ్గుపడ్డాయి. ఒక బాపు వచ్చాడు, చేతులు వణుకుతున్నాయి. నిశాని వేయమని స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపాం. ‘నిశాని ఎందుకు? నేను మిల్లుల పనిచేసిన, జీతం రిజిస్టర్ల సంతకమే పెట్టిన’ అన్నాడు. వెనక వరుసలో వాళ్లు గొణుగుతున్నా ఐదు నిమిషాలు పట్టి మూడక్షరాలు పెట్టాడు. రశీదు చింపి ఇస్తే మడిచి కళ్లద్దాల డబ్బాలో పెట్టుకున్నాడు. అన్నట్టు, ఆ పది రోజుల్లో పోయిన పెన్నులు సంఘానివి. ఉన్నవాళ్లు తెచ్చి ఇవ్వండి.

మేడారం, మిగతావి

ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా సమ్మక్క సారలమ్మ జాతర. ములుగు రోడ్డు మీద మజ్జిగ, మంచినీళ్ల పందిరి వేశాం. పందిరి గుడ్డ చిరిగితే మన మిషన్ పెద్దమ్మ దగ్గరికే తీసుకుపోయాం. సంఘం పని కదా, తగ్గిస్తుందనుకున్నాం. పది నిమిషాలు బేరమాడినా పైసా తగ్గలేదు. ‘నా మిషన్ మోసిన్రని ఉత్తగ కుడితే, మీరు మళ్ల రారు’ అంది. పూర్తి డబ్బులిచ్చాం, లెక్కల్లో ఉంది. తిరుగు జనం వచ్చిన రోజు బంగారం (అమ్మవార్లకు పెట్టే బెల్లం) ప్రసాదం పంచి పోయిన వాళ్లే ఎక్కువ, పందిరి కింద బెల్లానికి చీమలు పట్టి కొత్త పని తెచ్చాయి.

పదో తరగతి పిల్లలకు సాయంత్రం చదువులు జనవరి నుంచి పరీక్షలు మొదలైన మార్చి 18 దాకా నడిచాయి. లెక్కలకు చెప్పేవాళ్లు దొరికారు, ఇంగ్లిషుకు దొరకలేదు. వచ్చే ఏడాది ఎవరైనా ముందుకు రావాలి. బతుకమ్మ, వినాయక చవితి ఎప్పటిలాగే జరిగాయి. డీజే విషయం ఇక్కడ రాయను, సమావేశంలో మాట్లాడుకుందాం.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు, కాగితం హాలు తలుపుకు అతికించి ఉంది. నెలకు 50 రూపాయల చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు మాత్రం అతికించలేదు, పైన చెప్పిన తీర్మానం వాళ్లకూ కలిసొచ్చింది. కొత్త కమిటీ ఎన్నికయ్యాక జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి, పోయినసారిలా మరిచిపోవద్దు.

తాడు టెంట్ హౌస్ వాళ్లది, తిరిగి ఇచ్చేశాం. సొంతంగా ఒకటి కొనాలి. లారీ ట్యూబు ఇప్పుడు మూడో గల్లీలో మిద్దె మీద ఉంది, పిల్లలు ఆడుకుంటున్నారు. వాల్వ్ దగ్గర గాలి పోతోందని విన్నాను. మే నెల దాటకముందే ఎవరైనా కిందికి దించి పంచర్ వేయించండి.

కార్యదర్శి