మాచ్‌ఖండ్ నుంచి పొల్లూరు దాకా ఒకే ఏరు: మా పిల్లలకు అక్కడ ఏడాది పని నేర్పించండి

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒడిశాలో ఉండేవాడు నాకెందుకు రాస్తున్నాడని అనుకోకండి. నా ఓటు కోరాపుట్ జిల్లాలోనే ఉంది. కానీ మా జిల్లాలో ఉన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాన్ని నడిపేది మీ జెన్‌కో. అది రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి కాబట్టి ఇదే సంగతి భువనేశ్వర్‌కు ఒడియాలో రాశాను, మీకు తెలుగులో రాస్తున్నాను.

జయపురంలో నాకు మోటారు వైండింగు దుకాణం ఉంది. కాలిన పంపుసెట్లు, పిండిమర మోటార్లు, పెళ్లిళ్ల సీజనులో గ్రైండర్లు. మా నాన్న మాచ్‌ఖండ్‌లో ఆపరేటరుగా చేశారు. నేను ఒనకఢిల్లీ క్వార్టర్లలో పెరిగాను. పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది, దిగాలంటే వించ్ (ఇనుప తాడుతో లోయలోకి దించే బండి) ఎక్కాలి. నాన్న రాత్రి షిఫ్టుకు క్యారియరు పట్టుకుని వించ్‌లో కూర్చుంటే, అది చీకట్లోకి జారిపోయేదాకా చూసి ఇంటికి వెళ్లేవాళ్లం.

విషయానికొస్తాను. మా చెల్లెలి కొడుకు ఎలక్ట్రికల్ డిప్లొమా మంచి మార్కులతో పూర్తిచేశాడు. పోయిన ఏడాది ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాడు. అక్కడి పెద్దాయన ఒకే ప్రశ్న వేశారట: "33 కేవీ లైను మీద పనికి ఎల్‌సీ (లైను ఆపి పనిచేసుకోవచ్చనే అనుమతి) ఇచ్చారు. చేయి పెట్టేముందు ఏం చేస్తావు?" వీడు "స్విచ్ ఆఫ్ చేస్తాను సార్" అన్నాడు. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది. "కాస్త అనుభవం సంపాదించుకుని రా బాబూ" అని పంపేశారు.

ఆయనను తప్పుపట్టను. బ్రేకరు ఆపితే సరిపోదు. లైనును విడదీసే ఐసొలేటరు తెరుచుకున్నట్టు కంటితో చూడాలి, తాళం వేసి బోర్డు తగిలించాలి, లైనులో కరెంటు లేదని టెస్టరుతో తేల్చుకోవాలి, పనిచేసే చోటికి రెండు వైపులా, లైనులో మిగిలిన కరెంటును భూమిలోకి దింపే డిశ్చార్జ్ రాడ్లతో ఎర్త్ చేయాలి. రెండు వైపులా ఎందుకంటే, అవతలి కొసన ఎవరో జనరేటరు వేస్తే కరెంటు వెనక్కి వస్తుంది. ఇది మావాడి పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాడు కూడా. కానీ డిశ్చార్జ్ రాడ్‌ను ఒక్కసారైనా చేత్తో పట్టుకోలేదు. చేయి నేర్చుకోని సంగతి నోటికి సమయానికి రాదు.

జలవిద్యుత్ కేంద్రంలో యంత్రాన్ని చూసుకునే ఇంజినీరుకు, సూపర్‌వైజరుకు డిగ్రీయో డిప్లొమానో ఉంటే చాలదు, నిర్ణీత శిక్షణ కూడా పొంది ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010 నుంచే చెబుతున్నాయి. మంచి నిబంధన. కానీ ఆ శిక్షణ ఉద్యోగంలో చేరినవాడికే దొరుకుతుంది. ఉద్యోగమేమో అనుభవం ఉన్నవాడికి దొరుకుతుంది. బయట నిలబడ్డ కుర్రాడు ఏ తలుపు తట్టాలి?

ఇప్పుడు మ్యాపు ముందు పెట్టుకోండి. మాచ్‌ఖండ్ నదే కిందికి పోయి సీలేరు అవుతుంది, సీలేరు శబరిలో కలుస్తుంది. ఈ ఒక్క ఏటి వెంట, దాని నీటితోనే, ఎన్ని పవర్‌హౌస్‌లున్నాయో లెక్కపెట్టండి. 1955లో మొదలైన మాచ్‌ఖండ్‌లో ఆరు యంత్రాలు, అంతా కలిపి సుమారు 120 మెగావాట్లు. తర్వాత ఒడిశా వారి బలిమెల, 510 మెగావాట్లు. ఆ దిగువన మీవి ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, పొల్లూరు దగ్గర దిగువ సీలేరు 460. పాతవీ కొత్తవీ, చిన్నవీ పెద్దవీ ఒకే ఏటి మీద ఇలా వరసగా దొరకడం అరుదు. దీన్ని బడిగా వాడుకోవాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచకపోవడమే నాకు వింత.

నేను కోరేది ఏటి వెంట నడిచే ఏడాది శిక్షణ. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివిన పిల్లలను ఏటా ఓ ఇరవై మందిని తీసుకోండి. మాచ్‌ఖండ్‌లో మొదలుపెట్టి, నీళ్లతోపాటు కిందికి దింపండి. మొదటి మూడు నెలలు లాగ్ పుస్తకం రాయడమే పనిగా పెట్టండి. గంట గంటకూ బేరింగు వేడి, యంత్రం వేగాన్ని అదుపుచేసే గవర్నరు ఆయిలు ప్రెషరు, లోడు రాస్తూ పోతే, నిన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ తేడా ఎందుకొచ్చిందని అడగడం దానంతటదే అలవాటవుతుంది. ఏడాదికోసారి యంత్రం విప్పి మరమ్మతు చేసే రోజుల్లో పిల్లలను తప్పకుండా పక్కన ఉంచండి. అప్పుడు చూసింది మళ్లీ ఏడాది దాకా కనబడదు.

సింక్రనైజింగ్ (తిరిగే యంత్రాన్ని గ్రిడ్‌తో కలపడం) గురించి నాన్న చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. యంత్రం వేగం అందుకున్నాక వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ గ్రిడ్‌తో కలవాలి. ఆ కలయికను చూపే సింక్రోస్కోపు మీటరు ముల్లు నెమ్మదిగా కుడివైపు తిరుగుతూ పన్నెండు దగ్గరకు వస్తుంటే బ్రేకరు వేయాలి. తొందరపడితే షాఫ్టు మొత్తం అదురుతుంది. "ముల్లును చూడకు, ముల్లు రాబోయే చోటును చూడు" అనేవారు. గ్రిడ్‌ను 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నిలబెట్టడం ఎంత సున్నితమైన పనో తెలియాలంటే ఆ ముల్లు ముందు నిలబడాల్సిందే.

ఖర్చు మాట ఎత్తుతారని తెలుసు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద, 30 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. డిప్లొమా, డిగ్రీ వారికిచ్చే కనీస స్టైపెండులో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. అసలు చిక్కు డబ్బు కాదు, సరిహద్దు. ఒడిశాలో చదివిన పిల్లల అప్రెంటిస్ వ్యవహారం కోల్‌కతాలోని అప్రెంటిస్ శిక్షణ బోర్డు చూస్తుంది, ఆంధ్ర సంస్థలది చెన్నై బోర్డు చూస్తుంది. పవర్‌హౌస్ మా జిల్లాలో, నడిపేవారు మీ రాష్ట్రంలో, పిల్లవాడి కాగితాలు కోల్‌కతాలో. ఇద్దరు మంత్రులు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఈ చిక్కు విడిపోతుంది.

ఇంకో మాట. నేను ఉద్యోగం అడగడం లేదు, కాబట్టి స్థానికత ప్రశ్న ఇందులోకి తేవద్దు. తెలుగు పిల్లలకే సీట్లు ఇమ్మని కూడా అనడం లేదు. మాచ్‌ఖండ్‌కు నీళ్లిచ్చే జోలాపుట్ జలాశయంలో మునిగి పొలాలు పోగొట్టుకున్నవారిలో గదబ, పరజ గిరిజనులు ఉన్నారు. వాళ్ల మనవలు ఐటీఐ చదివి బెంగళూరులో గోడౌన్ల దగ్గర కాపలా ఉంటున్నారు. మొదటి వరసలో వాళ్లను నిలబెడితే నా మేనల్లుడికి సీటు రాకపోయినా బాధపడను. (వాడు పడతాడు, అది వేరే సంగతి.)

ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి నిలవ ఉంచి, కావాల్సినప్పుడు కరెంటు తీసే) ప్రాజెక్టు తలపెట్టారు. పొద్దుగూకి సోలారు కరెంటు పడిపోయే వేళ నిమిషాల్లో యంత్రం అందుకోవాలంటే చేయి తిరిగినవాళ్లు కావాలి. నేర్పగల పాత ఆపరేటర్లు జయపురంలోనూ విశాఖలోనూ ఇంకా ఉన్నారు. డెబ్బై దాటినవాళ్లు. మోకాళ్ల నొప్పులతో వించ్ ఎక్కలేకపోయినా కుర్చీ వేస్తే గంటలకొద్దీ చెబుతారు. ఎవరెవరు రాగలరో కనుక్కుని పేర్లు రాసి ఉంచాను. మీ కార్యాలయం నుంచి ఒక్క ఫోను వస్తే ఆ కాగితం తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
మోటారు వైండింగు మెకానిక్కు,
జయపురం, కోరాపుట్ జిల్లా