అవతలి వైపు కొలవని రైలు డబ్బ

సంపాదకులకు నమస్కారం.

మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల స్టేషన్లను అమృత్ భారత్ పథకంలో చేర్చి బాగుచేస్తున్నారు. లిఫ్టులు రావాలి, మంచి పైకప్పులు రావాలి, ముసలివాళ్లు మెట్లెక్కే బాధ తప్పాలి. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇలాంటి పనులు జరిగేటప్పుడు తుక్కు కింద బయటికి పోయే పాత సామాను గురించే ఈ ఉత్తరం. వేలం వేసే ముందు ప్రతి రకంలో ఒక్కదాన్ని, ఒక్కసారి, అన్ని వైపులా కొలిచి, ఫొటోలు తీసి, డ్రాయింగు గీసి పెట్టమని రైల్వేవాళ్లను అడుగుతున్నాను. ప్రయోగం కోసం చేసిన బండ్లు, పరికరాల విషయంలో అయితే ఇది మరీ ముఖ్యం. అవి ఒకటో రెండో చేస్తారు. పని కాలేదంటే తుక్కులోకి మొదట పోయేవి అవే.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైన మనిషిని. ఉండేది దేవరకద్ర. మా నాయిన ఈ లైనులోనే కీమ్యాన్. నిజాం కాలంలో వేసిన మీటర్ గేజీ అది, పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. నాయిన పొద్దున్నే భుజాన సుత్తె, పానా, ఎర్రజెండాలు వేసుకుని బయల్దేరేవాడు. పోయేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ పోయి, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ వచ్చేవాడు. రెండు పట్టాల ముక్కలను కలిపే ఫిష్ ప్లేటు బోల్టు వదులైతే బిగించడం, పట్టాను కదలకుండా పట్టే కీ బయటికి జరిగితే మళ్లీ కొట్టడం, అదే పని. సెలవు రోజుల్లో నేనూ వెంట నడిచేవాణ్ని. వైపీ రకం ఆవిరి ఇంజన్ ప్యాసింజర్‌ను లాక్కుని పోతుంటే కట్ట కింద నిలబడేవాళ్లం. బండి దాటిపోయాక కూడా కాళ్ల కింద నేల కాసేపు అదురుతూనే ఉండేది.

1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయిన సంగతి ఈ జిల్లా పెద్దలకు తెలుసు. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాకే ఒప్పుకున్నారు. ఈ కథ క్లాసులో చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడు లేచి, "ఆ డబ్బలు ఎట్లుండేవి సార్?" అని అడిగేవాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. 1990లలో లైను బ్రాడ్ గేజీగా మారింది. ఇంజన్లు, డబ్బలు కళ్ల ముందు నుంచి పోయాయి. పిల్లల కోసం నేనే ఒకటి చేద్దామనుకున్నాను.

ఒకటికి ఇరవై స్కేలు పెట్టుకున్నాను. మీటరు అయిదు సెంటీమీటర్లవుతుంది, లెక్క తేలిక. బజార్లో దొరికే విదేశీ మోడల్ పట్టాలు మన బండికి పనికిరావు. వాటిలో బాగా అమ్ముడుపోయేది ఒకటికి ఎనభై ఏడు స్కేలు, పట్టాల మధ్య పదహారున్నర మిల్లీమీటర్లు. అది వాళ్ల 1,435 మిల్లీమీటర్ల గేజీకి సరిపోతుంది. మన బ్రాడ్ గేజీ 1,676. ఆ స్కేలులో పందొమ్మిది మిల్లీమీటర్లు దాటాలి. మీటర్ గేజీకైతే పదకొండున్నర చాలు. మన బండి తీసుకెళ్లి ఆ పట్టాల మీద పెడితే పెద్ద లైను బండి కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు, చిన్న లైను బండి కాళ్లు చాపినట్టు ఉంటుంది. అందుకే పట్టాలతో సహా అన్నీ చేత్తోనే చేసుకున్నాను. టేకు ముక్కలు, జీఐ రేకు, కడ్డీలకు సైకిల్ స్పోకులు.

కొలతలు ఎక్కడివి? 2007లో, ఇక్కడికి దగ్గర్లోనే ఒక స్టేషన్ వెనకాల (పేరు రాయను, అవసరం లేదు), చక్రాలు తీసేసి, పట్టాల కింద వేసే పాత స్లీపర్ దిమ్మెల మీద కూర్చోబెట్టిన మీటర్ గేజీ డబ్బ ఒకటి ఉందని తెలిసింది. సామాన్ల గదిగా వాడుకునేవాళ్లు. ఒక ఆదివారం ఇద్దరు శిష్యులను, టేపును, నోటుబుక్కును వెంటేసుకుని పోయాను. అక్కడి కాపలా మనిషి అడ్డం చెప్పలేదు గానీ, "తుక్కును కొలిచి ఏం చేస్తవు సార్?" అన్నాడు.

ఆ రోజు పని ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కిటికీ వెడల్పు, ఎత్తు, కడ్డీకి కడ్డీకి మధ్య ఎడం, చెక్క షట్టరులో పలకలు ఎన్ని, తలుపు మూలలో గుండ్రం ఎంత, అన్నీ రాసుకున్నాం. లోపల ఒక్క బెంచీ మిగిలింది. దాని పలకల అంచులు జనం కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయాయి. మధ్యలో ఒక పలక మీద ఎవరో మేకుతో తమ ఊరి పేరు చెక్కుకున్నారు. రంగు తెలుసుకుందామని బ్లేడుతో ఒక మూల గీకాను. పైన పసుపు, దాని కింద మెరూన్, ఇంకా కింద ఎర్ర ప్రైమర్. గోరంత మెరూన్ పెచ్చును కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత పెయింటు షాపులో దాన్ని పక్కన పెట్టి, ఆ రంగు వచ్చేదాకా నాలుగు సార్లు కలిపించాను.

స్టేషన్ వైపు కొలవడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అవతలి వైపు సర్కారు తుమ్మ కిటికీల దాకా అల్లుకుపోయి ఉంది. కత్తులు తెచ్చుకుని, కొట్టుకుని మళ్లీ కొలుద్దామని వచ్చేశాం. వచ్చే ఆదివారం పోతే, రాతపూర్వకంగా పర్మిషన్ తెచ్చుకోమన్నారు. దరఖాస్తు పెట్టాను. ఒక టేబుల్ మీది నుంచి ఇంకో టేబుల్‌కు తిరిగింది. దసరా పోయింది. చివరికి సంతకమైన కాగితం పట్టుకుని పోయేసరికి డబ్బ లేదు. గ్యాస్ కట్టర్లతో కోసి లారీకెత్తారు. గడ్డి పాలిపోయి ఉన్న పొడుగాటి చోటు, నాలుగు స్లీపర్లు, కొంచెం మెరూన్ పెచ్చులు, అంతే. అంత అడ్డం పడ్డ తుమ్మ చెట్లను కూడా లారీ కోసం మొదలంటా కొట్టేశారు.

నా మోడల్‌కు ఇప్పుడు ఒక వైపు కొలిచి చేసినది, ఒక వైపు ఊహించి చేసినది. మరుగుదొడ్డి కిటికీ అవతల ఎక్కడ వస్తుందో, అడుగున వాక్యూమ్ బ్రేకు సిలిండరు, డైనమో బెల్టు ఏ పక్క ఉండేవో నాకు నిర్ధారణగా తెలియదు. పాత ఫొటోలు వెతికాను. మూడు దొరికాయి, పెళ్లివాళ్లు బండెక్కుతూ దిగినవి. మూడింటిలోనూ డబ్బకు స్టేషన్ వైపే కనిపిస్తుంది. డబ్బ కప్పును, అడుగుభాగాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

ఇదేదో పనిలేని ముసలాయన చాదస్తమని అనుకోకండి. ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియంలో పటియాలా మోనోరైలు ఉంది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి వెళ్లినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. రోడ్డు అంచున ఒకే ఒక్క పట్టా. బరువంతా దాదాపు ఆ పట్టా మీదే. బండి పక్కకు పడిపోకుండా ఒక పెద్ద చక్రం పట్టాకు పక్కన మామూలు రోడ్డు మీద దొర్లుతుంది. 1907లో పంజాబులో సర్‌హింద్, బస్సీ మధ్య మొదలైంది. మొదట్లో కంచర గాడిదలు లాగేవి, తర్వాత బెర్లిన్ నుంచి ఆవిరి ఇంజన్లు తెప్పించారు. కార్లు, బస్సులు పెరిగాక 1927లో ఆగిపోయింది. పీడబ్ల్యూడీ యార్డులో తుప్పు పట్టి పడి ఉన్న దాన్ని 1962లో మైక్ సాటో అనే ఆంగ్లేయుడు గుర్తుపట్టాడు. అమృత్‌సర్ రైల్వే వర్క్‌షాపువాళ్లు బాగుచేస్తే ఆవిరితో మళ్లీ నడిచింది. ఆ ముప్పై అయిదేళ్లలో ఏదో ఒక రోజు యార్డు శుభ్రం చేద్దామని ఎవరైనా అనుకుని ఉంటే, ఒంటి పట్టా బండి ఎట్లా నిలబడేదో ఈ రోజు నేను పిల్లలకు గోడ మీద బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చేది. వంగి ఆ పక్క చక్రం ఇరుసు చూశాక నాకు విషయం ఒక్క నిమిషంలో అర్థమైంది.

ఇంగ్లండులో ఇంకోటి. 1972లో వాళ్లు ఏపీటీ-ఈ అనే ప్రయోగాత్మక రైలును పట్టాలెక్కించారు. వంపుల దగ్గర డబ్బ తనంతట తాను లోపలికి ఒరుగుతుంది, వేగం తగ్గించనక్కర్లేదు. గ్యాస్ టర్బైన్లతో 1975 ఆగస్టులో గంటకు 245 కిలోమీటర్లు అందుకుంది. టికెట్టు కొన్న ప్రయాణికుడు ఒక్కడు కూడా అందులో ఎక్కలేదు, అది పరీక్షల కోసమే. చేసింది ఒక్కటే. పరీక్షలు ముగిశాక 1976లో కోసెయ్యకుండా మ్యూజియానికి ఇచ్చారు. ఇప్పుడు షిల్డన్‌లో ఉంది. ఇన్నేళ్ల తర్వాత రాపిడో అనే కెనడా మోడళ్ల కంపెనీ వచ్చి దాన్ని లేజరుతో స్కాన్ చేసి మోడల్ తయారుచేసింది. బండి నిలిచి ఉంది కాబట్టి వాళ్లకు కొలతలు దొరికాయి. మన గోవాలో మడ్గావ్ దగ్గర కొంకణ్ రైల్వే స్కైబస్ కట్టింది, బోగీ పైనున్న పట్టాలకు వేలాడుతూ పోయే బండి అది. రూపకర్త బి. రాజారామ్. 2004లో పరీక్షల్లో ప్రమాదం జరిగి ఒక ఉద్యోగి ప్రాణం పోయింది, పథకం ఆగింది, తర్వాత కట్టడాన్ని పడగొట్టారు. ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో చదువుకునే ఇంజనీరింగు విద్యార్థికి ఆ బోగీ కళ్ల ముందు ఉంటే ఎంత ఉపయోగం!

మన దగ్గరా ఇప్పుడు అలాంటి సందర్భమే వచ్చింది. బండ్లు గుద్దుకోకుండా దానంతట అదే బ్రేకు వేసే 'కవచ్' ఎక్కడ పుట్టి పెరిగిందనుకున్నారు? 2016 ఫిబ్రవరిలో ప్యాసింజర్ బండ్ల మీద మొదటి పరీక్షలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. అప్పటి పేరు టీకాస్. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజన్లో ఉండగా, ముందున్న ఇంజన్‌కు 380 మీటర్ల ఇవతలే బండి దానంతట అదే ఆగింది. 2024 జూలైలో కొత్త వెర్షన్ 4.0కు ఆమోదం వచ్చింది. కొత్తది బిగించిన కొద్దీ పాత పెట్టెలు విప్పి పక్కన పెడతారు. టీకాస్ కాలం నాటి ఒక్క సెట్టు, డ్రైవర్ ముందుండే తెర, ఇంజన్లోని పెట్టె, స్లీపర్ల మీది ట్యాగులు, స్టేషన్ గదిలో ఉండేవి, వైరింగుతో సహా విడదీయకుండా కాచిగూడ స్టేషన్లోని నిజాం రైల్వే మ్యూజియంలోనో, వికారాబాద్‌లోనో పెట్టండి. ఆ రోజు నడిచిన ఇంజన్ నంబర్లు రికార్డుల్లో ఉండే ఉంటాయి. వాటి వయసైపోయినప్పుడు కోసెయ్యకండి.

అన్నీ దాచడానికి స్థలం ఎక్కడిదంటారు. నిజమే, అన్నీ దాచలేం. కొలవడానికి మాత్రం ఒక టేపు, ఒక రోజు చాలు. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు డ్రాయింగు క్లాసులో ఏళ్ల తరబడి అదే వీ-బ్లాకు (వీ ఆకారం గాడి ఉన్న ఇనుప దిమ్మె) ఇచ్చి గీయిస్తున్నాం. దాని బదులు వేలానికి పోబోయే ఒక సిగ్నల్ లీవరును, ఒక బోగీ ఫ్రేమును ఇవ్వండి. చుట్టూ తిరిగి, కింద దూరి కొలుస్తారు. ఆ డ్రాయింగులు ఎవరు అడిగినా చూసుకునేట్టు పెట్టండి. పర్మిషన్ మాత్రం దసరా దాటేదాకా ఆపకుండా, తుక్కు టెండరు పిలిచిన రోజే ఇవ్వండి.

పాఠకులకు కూడా ఒక మాట. షాద్‌నగర్ నుంచి గద్వాల దాకా ఈ లైను పక్కన ఊళ్లలో ఎవరింటి ఆల్బంలోనైనా మీటర్ గేజీ బండి ఫొటో ఉంటే, ముఖ్యంగా స్టేషన్ వైపు నుంచి కాకుండా చేలల్లో నిలబడి తీసింది, దయచేసి ఈ పత్రిక ద్వారా కబురు పెట్టండి. ఫొటో మీరు ఇవ్వనక్కర్లేదు. భూతద్దం పట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా