కంప్యూటర్ గది నిర్వహణ: వార్షిక నివేదిక, 2025–26

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం కంప్యూటర్ గది గురించి ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. యంత్రం ఆన్ చేయగానే ఫ్యాన్ హోరెత్తుతోంది, దరఖాస్తు పేజీ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది. వైరస్ ఏమోనని చాలామంది అడిగారు. వైరస్ కాదు, విండోస్ తనంతట తాను వేసుకునే అప్‌డేట్లు.

నెలవారీ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. మన గడియారం ప్రకారం అది రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఆ వేళకు మన గదికి తాళం పడి ఉంటుంది. విండోస్ సొంత నిర్వహణ పనులకు మామూలుగా పెట్టుకునే సమయం తెల్లవారుజామున 2 గంటలు, అప్పుడూ యంత్రాలు ఆగే ఉంటాయి. దాంతో పనంతా బుధవారం సభ్యులు వచ్చి కూర్చున్న గంటల్లోనే మీద పడుతుంది. తక్కువసేపు ఆన్‌లో ఉండే యంత్రమే ఎక్కువ సతాయిస్తుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, ఏ ప్రోగ్రాం యంత్రాన్ని ఎంత వాడుతోందో చూపే టాస్క్ మేనేజర్‌లో చూస్తే పైవరుసలో విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ కనిపిస్తుంది. డౌన్‌లోడ్ అయిన ఫైళ్లను విప్పడం, పాతవాటితో పోల్చి మార్చడం దాని పని. అది రాసే ఫైళ్లను విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ తనిఖీ చేస్తుంది కాబట్టి, దాని యాంటీమాల్వేర్ సర్వీస్ కూడా పక్కనే ఎగబాకుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలోనైతే ప్రాసెసర్ కన్నా ముందు డిస్కే 100 శాతానికి చేరుతుంది. అక్కడ హార్డ్ డిస్క్ బదులు దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయడమే మందు.

ఇందుకు కమిటీ పెట్టిన పద్ధతి: రెండో మంగళవారం రాత్రంతా యంత్రాలు ఆన్‌లోనే ఉంచాలి, మానిటర్ మాత్రం ఆపాలి, స్లీప్‌ను 'నెవర్'కు మార్చాలి. యూపీఎస్ లేని యంత్రాన్ని ఇలా వదలకండి. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే మార్పులన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ మొదటికొస్తుంది. యంత్రం వాడే వేళలను విండోస్‌కు చెప్పే 'యాక్టివ్ అవర్స్' పెడితే చాలనుకోవద్దు. అది రీస్టార్ట్‌ను మాత్రమే ఆపుతుంది, డౌన్‌లోడ్‌నూ ఇన్‌స్టాల్‌నూ కాదు. పరీక్షల దరఖాస్తుల గడువు వారంలో మాత్రం అప్‌డేట్లను ఒక వారం 'పాజ్' చేస్తున్నాం.

రెండు మూడు గంటలు గడిచినా ప్రాసెసర్, డిస్క్ వాడకం తగ్గకపోయినా, అప్‌డేట్ హిస్టరీలో ఒకే అప్‌డేట్ పదేపదే విఫలమైనట్టు కనిపించినా అది పని చేయడం కాదు, ఇరుక్కుపోవడం. ఇంట్లోనూ ఇలా చేసుకోవచ్చు. స్టార్ట్ మెనూలో 'సర్వీసెస్' అని వెతికి తెరిచి విండోస్ అప్‌డేట్‌ను, దానికి ఫైళ్లను డౌన్‌లోడ్ చేసిపెట్టే బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌ను ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు చివర 'ఓల్డ్' చేర్చండి. పేరు మారనివ్వకపోతే ఆపిన సర్వీసు మళ్లీ లేచిందన్నమాట, రీస్టార్ట్ చేసి వెంటనే ప్రయత్నించండి. తర్వాత రెండు సర్వీసులనూ ప్రారంభించి అప్‌డేట్ల కోసం వెతకమనండి. మొదటిసారి జాబితా అంతా కొత్తగా కట్టుకుంటుంది కాబట్టి వాడకం ఇంకాస్త పెరుగుతుంది, కంగారుపడకండి. హిస్టరీ ఖాళీగా కనిపించినా వేసిన అప్‌డేట్లు ఎక్కడికీ పోవు.

దానికీ లొంగకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు ఆదేశాలు నడపాలి: ముందు డిజమ్‌తో రిస్టోర్ హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), ఆ తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow). ఈ వరస తప్పకూడదు. ఎస్ఎఫ్‌సీ మంచి ఫైళ్లను తెచ్చుకునే నిల్వనే డిజమ్ బాగుచేస్తుంది. డిజమ్ తనకు కావలసినవి అప్‌డేట్ సర్వీసు నుంచే తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి, ఆ సర్వీసు ఆగి ఉండకూడదు. శాతం ఒకచోట చాలాసేపు నిలిచినా కమాండ్ ప్రాంప్ట్ మూసేయకండి.

అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయమన్న సూచనను కమిటీ అంగీకరించలేదు. సభ్యులు ఆధార్, బ్యాంకు వివరాలు టైపు చేసే యంత్రాలివి. పైగా సర్వీసును డిసేబుల్ చేసినా విండోస్ దాన్ని తిరిగి లేపుతుంది.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (యంత్రంలోని భద్రతా చిప్), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి. 4 జీబీతో నడుస్తుంది గానీ అప్‌డేట్ వేళ మళ్లీ ఇదే కథ. అందుకే 8 జీబీ ర్యామ్‌కు, 240 జీబీ ఎస్ఎస్‌డీలకు వచ్చే ఏడాది బడ్జెట్‌లో చోటివ్వాలని కోరుతున్నాం. టీపీఎం లేని యంత్రాల సంగతి సర్వసభ్య సమావేశం నిర్ణయించాలి.